కళ దప్పిన వేడుకపట్టణము

“చూడదగినది”, “చూడవలసినది” అను రెండు మాటలను మనము తఱచుగా నొకే యర్థమున వాడుచుందుము. కొంచెము నిలిచి విచారించినచో వాని నడుమ గొప్ప భేదము కానవచ్చును. చూడదగినది యన్నప్పుడు చూచువాని లాభమొక్కటియే లెక్కకు వచ్చును: పెట్టిన వ్యయమునకు తగిన యానందము కలిగినదా, లేదా? చూడవలసినది యన్నప్పుడు మనమును త్రాసులో నెక్కవలసియుండును. దానిని చూడకుండుటవలన మనలో నేదో యొక లోపము నిలిచిపోవు ననియు, చూచుటవలన మన యభిప్రాయ మొకటి మాఱవలసి రావచ్చు ననియు ఆ మాటకు తాత్పర్యము. దూరయాత్రలు నేడు సామాన్యకుటుంబములకు సైతము అలవాటైనవి గనుక నీ భేదమును గుర్తించుట అనవసరము కాదు. మాకు దీనిని గుర్తుచేసినది హిమాలయమును గాదు, తాజమహలును గాదు. ఇంగ్లండు దేశపు వాయవ్యమున, ఐరిషు సముద్రపు టొడ్డున, వన్నె తగ్గి నిలిచియున్న బ్లాక్‌పూలు అను పట్టణము.

గడచిన దసరా సెలవులలో మేము భార్యాసమేతముగా ప్రెస్టను నగరమున వైద్యుడుగా నున్న మా పూర్వశిష్యుని యింట కొన్నిదినములు గడిపితిమి. గురుభక్తి గల యా యువకుడు మేము చూడదగిన స్థలముల కొక పట్టిక సిద్ధము చేసియుంచెను. లండను నగరము, షేక్స్పియరు పుట్టిన స్ట్రాట్‌ఫర్డు, వర్డ్సువర్తు నివసించిన సరస్సుల సీమ - అందలి పేరులన్నియు మేము తరగతిలో నిరువదియేండ్లుగా ఉచ్చరించుచున్నవే. రైలులో అరగంట దూరమున నున్న బ్లాక్‌పూలు పేరు మాత్రము అందు లేదు. ఏల లేదని యడిగితిమి. అతడు నవ్వి, “అక్కడ ఇప్పుడేమీ లేదు మాస్టారూ! ఒకప్పుడు గొప్ప ఊరేనట. ఇప్పుడు పాతబడిన హోటళ్లు, జూదపు యంత్రాలు, తాగుబోతులు. అమ్మగారిని అక్కడికి తీసుకువెళితే నన్ను తిడతారు” అనెను.

ఆ మాట విన్నప్పుడు మా మనస్సున నొక చిన్న సంతోషము పొడమినది. దానిని దాచి యీ వ్యాసము వ్రాయుట న్యాయము కాదు. ఆ సంతోషమునకు కారణము తెలియవలెనన్నచో, ఆ పట్టణ మెవరికొఱకు పుట్టినదో ముందుగా చెప్పవలెను.

సముద్రస్నానము మనకు పర్వదినములందు పుణ్యప్రదమైనట్లు, ఆంగ్లేయులకు పదునెనిమిదవ శతాబ్దమున ఔషధమైనది. రిచర్డు రస్సెలను వైద్యుడు 1750లో సముద్రజలము గ్రంథిరోగములకు మందని లాటిను భాషలో నొక గ్రంథము ప్రకటింపగా, ధనవంతులు తీరములకు పరుగెత్తిరి. అట్లు వెలసిన పట్టణములు దొరలవి. బ్లాక్‌పూలు కథ వేఱు. 1846లో అక్కడికి రైలు వచ్చినది. ఆ యూరికి తూర్పుననున్న బ్లాక్‌బరను, బర్న్లీ, బోల్టను, ఓల్డుహాము మొదలగు పట్టణములు నూలుమిల్లుల పొగలో మునిగియుండెను. అక్కడ ఏటేట నొక వారముపాటు మిల్లులన్నియు ఒక్కసారిగా మూతపడెడివి. పూర్వము గ్రామదేవాలయపు టుత్సవముగా నుండిన యా వారమునకు ‘వేక్సు’ అని పేరు. ఒక్కొక్క యూరికి ఒక్కొక్క వారము గనుక, వేసవి పొడుగునను, ఈ వారము ఒక యూరు, పైవారము మఱియొక యూరు చొప్పున, ఊళ్లకూళ్లు రైలెక్కి బ్లాక్‌పూలు చేరెడివి. ఇంటి ప్రక్కవారే అక్కడను ప్రక్కగదిలో నుండెడివారు.

ఆ సెలవునకు జీతము లేదు. జీతముతోడి సెలవులను గూర్చిన చట్టము 1938లో గాని రాలేదు. కావున కార్మికులు ఏడాదిపొడుగున వారమునకు కొన్ని పెన్నీలు చొప్పున, మన చీట్లవంటి పొదుపుసంఘములలో వేసికొని, ఆ సొమ్ముతో ఆ వారము గడుపుకొనెడివారు. పస్తుండి కూడబెట్టిన సొమ్ముతో కట్టిన పట్టణ మిది. 1863లో, 1868లో, 1893లో సముద్రములోనికి చొచ్చుకొనిపోవు మూడు ఇనుపవారధులు కట్టిరి. 1879లో తీరపుబాట వెంట విద్యుద్దీపములు వెలిగించిరి. 1885లో విద్యుచ్ఛక్తితో ట్రాము నడిపిరి. పారిసులోని ఐఫెలు గోపురమును చూచి వచ్చి, 1894 నాటికి 518 అడుగుల ఉక్కుగోపురమును లేపిరి. ఆ గోపురపుటడుగున 1899లో నొక నాట్యశాల వెలసినది. బంగారుపూత గల శిల్పములు, చిత్రించిన పైకప్పు, వ్రేలాడు దీపవృక్షములు గల యా శాల రాజమందిరమునకు తీసిపోదు. నూలు వడికెడి పడుచు అందులో నాడుటకు రాజాజ్ఞ అక్కఱలేదు, కొద్దిపాటి రుసుము చాలును.

ఇక మా సంతోషమునకు కారణము. ఆ మిల్లులు నేసిన బట్ట ఎచటికి పోయినది? 1913లో బ్రిటను విదేశములకు పంపిన నూలుబట్ట సుమారు 700 కోట్ల గజములు. అందు 300 కోట్ల గజములకు పైగా మన దేశమునకే వచ్చినది. బ్లాక్‌బరను నేతగాండ్రు ముఖ్యముగా మన ధోవతులే నేసెడివారు. అంతకు పూర్వపు కథ మన మచిలీబందరు నడుగవలెను. ఒకనాడు అచ్చటి కలంకారీ అద్దకములను చూచి ఇంగ్లండు స్త్రీలు మోజుపడగా, తమ నేతపని చెడునని వారి పార్లమెంటు 1700లో నొకసారి, 1721లో మఱొకసారి చట్టములు చేసి భారతీయపు టద్దకపు బట్టను నిషేధించినది. తరువాత యంత్రములు వచ్చినవి, రాజ్యము వారి చేతికి వచ్చినది. బట్ట ఎదురుదారి పట్టినది. 1896లో మన దేశపు మిల్లుబట్టపైన నూటికి మూడున్నర చొప్పున ఎక్సైజు సుంకము వేయించినది లాంకషైరువారి పలుకుబడియే. ఓడలు బండ్లగుట, బండ్లు ఓడలగుట యన నిదియే. బందరురేవు పూడి, దాని వైభవము మాసినది.

మా తాతగారు 1930లో, పదునైదేండ్ల ప్రాయమున, విదేశవస్త్రముల దుకాణము ముందు నిలిచి పికెటింగు చేసినవారు. ఆ కథను మాకు బాల్యమున నెన్నిసార్లో చెప్పిరి. లాంకషైరు అను పేరు మాకు భూగోళశాస్త్రముననుండి గాక, వారి నోటినుండి తెలిసినది. కావున బ్లాక్‌పూలు పాడుబడిన దని శిష్యుడు చెప్పగానే, “మన సాలెవాని ఉసురు తగిలినది” అని మాలోని పసివాడు చప్పట్లు కొట్టెను. ఇది మా దోషము. కాని మా యొక్కరి దోషమే యని తలంపము. తాతముత్తాతలు పొందిన యన్యాయమును తలచుకొని, దాని కేమాత్రమును కర్తలు గాని వారి పతనమును చూచి తృప్తిపడుట చదువుకొన్నవారియందును గలదు. చరిత్రజ్ఞానమను పేరు పెట్టుకొని గౌరవముగా కూర్చుండును.

ఆ రాత్రి మాకు నిద్ర చక్కగా పట్టలేదు. మా తాతగారు పూజించిన గాంధీమహాత్ముడు ఈ విషయమున నేమి చేసెనో జ్ఞప్తికి వచ్చినది. 1931లో రౌండుటేబిలు సభకు వచ్చినప్పుడు, సెప్టెంబరు మాసాంతమున, ఆయన లాంకషైరులోని డార్వెను పట్టణమునకు వెళ్లెను. విదేశవస్త్రబహిష్కారమువలన మిల్లులు మూతపడి పని పోయినవారు అచ్చట వేలకొలది యుండిరి. ఆయన వారిని తప్పించుకొని పోవలేదు. వారి యిండ్లనడుమనే బసచేసెను. మీకంటె ఘోరమైన దారిద్ర్యము మా గ్రామములలో నున్నదని మెత్తగా, స్పష్టముగా చెప్పెను. బహిష్కారమును మాత్రము విరమింపలేదు. అట్లయ్యును మిల్లుపడుచులు ఆయనను చుట్టుముట్టి జయధ్వానములు చేసిన ఛాయాచిత్రము నేటికిని లోకప్రసిద్ధము. అన్యాయము నెదిరించుట వేఱు, అన్యాయపు యంత్రమున నొక చక్రముగా త్రిప్పబడినవాని నాశనమునకు సంతసించుట వేఱు. మొదటిదానిని మా తాతగారు చేసిరి. రెండవదానిని, ఏ కష్టమును పడకయే, మేము చేసితిమి. తెల్లవారగానే శిష్యుని పిలిచి, “బ్లాక్‌పూలునకు మేమిద్దరము పోయి ఒక రాత్రి యుండి వత్తుము” అని చెప్పితిమి. అతడు మా యావిడవంక జాలిగా చూచెను.

మేము వెళ్లినది శుక్రవారము. గాలి బలముగా వీచుచుండెను; సముద్రము బూడిదవన్నె గలిగియుండెను. ఆటుపోటుల తేడా అక్కడ మిక్కిలి హెచ్చు. నీరు వెనుకకు పోయినప్పుడు ఇసుక కనుచూపుమేర తడిసి మెఱయుచుండును. ఆ యిసుకపైన పిల్లలను ఎక్కించుకొని త్రిప్పెడి గాడిదలు ప్రసిద్ధములని మేము చదివియుంటిమి; ఒకటియు కానరాలేదు. ఒక దుకాణదారు నడుగగా, “ఈ దినము వాని సెలవు” అని చెప్పెను. ఆ పట్టణసభవారు 1942లోనే గాడిదలకొఱకు నియమములు చేసిరట. ప్రొద్దున పదిగంటలకు ముందు, సాయంకాలము ఏడింటికి తరువాత వానిచేత పని చేయింపరాదు. మధ్యాహ్నమున నొకగంట విశ్రాంతి. శుక్రవారము పూర్తిగా సెలవు. మేము పెద్దగా నవ్వితిమి. మా యావిడ నవ్వలేదు.

పగటివేళ ఆ పట్టణమును చూచి మోసపోవలసిన పని లేదు. తన పేదఱికమును అది దాచుకొనదు. తీరపుబాటమీద దీపములు, సంగీతము, వేపుడు చేపల వాసన. అక్కడినుండి రెండు వీథులు వెనుకకు పోయినచో పెచ్చులూడిన గోడలు, పలకలు కొట్టి మూసిన కిటికీలు, పని లేక గుమ్మములలో నిలిచియున్న నడియీడు మనుష్యులు. 2019లో ఇంగ్లండు ప్రభుత్వము దేశమునంతను చిన్నచిన్న పేటలుగా విభజించి లెక్కలు తీయగా, దారిద్ర్యాదిబాధలు మిక్కుటముగా నున్న మొదటి పదిపేటలలో ఎనిమిది యీ యొక్క పట్టణముననే తేలినవి. పురుషుల సగటు ఆయుర్దాయము ఆ దేశమున నీ యూరనే అత్యల్పమని లెక్కలు చెప్పినవి. ఆ దేశపు ముఖ్యవైద్యాధికారి 2021లో తన వార్షికనివేదికనంతయు తీరపట్టణముల యనారోగ్యమునకే వినియోగించెను.

ఇట్లేల యైనది? 1960ల తరువాత విమానములు చవుకయై, ఇంగ్లీషు కార్మికుడు ఎండకొఱకు స్పెయినుదేశమునకు పోనేర్చెను. 1964లో గోపురపు చెంతనున్న సెంట్రలు స్టేషను మూతపడినది. మిల్లులు ఒక్కటొక్కటిగా ఆగిపోగా వేక్సు వారములే లేకుండ పోయినవి. ఆ మిల్లులలో చివరిదినములందు రాత్రివేళ పనిచేసినవారు గుజరాతునుండి, పాకిస్తానునుండి పోయినవారగుట చరిత్రలోని మఱియొక వింత. వారమంతయు నుండెడి యతిథులు తగ్గగా, వేలకొలదిగా నున్న బసయిండ్లలో ననేకములను చిన్నచిన్న గదులుగా చీల్చి అద్దెకిచ్చిరి. గది చవుక యగుటచే దేశము నలుమూలలనుండి పని పోయినవారు, కాపురము చెడినవారు, జబ్బుపడినవారు వచ్చి చేరిరి. వేసవిలో నాలుగునెలలు దొరకెడి పని పండ్రెండునెలల గ్రాసమునకు చాలదు. పట్టణసభవారి లెక్క ననుసరించి ఇప్పటికిని ఏడాదికి సుమారు రెండుకోట్ల మంది వచ్చి పోవుచున్నారు. కాని వచ్చువారిలో పెక్కురు ప్రొద్దున వచ్చి రాత్రికి పోవుదురు. కావున జనము తగ్గినదనుటకంటె నిలకడ తగ్గినదనుట మేలు. “పూర్వమున్న సందడి యిప్పుడు లేదు” అను మాటయు క్రొత్తది కాదు. 1934లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున ప్రీస్ట్లీ పండితుడు అప్పుడే యట్లు వ్రాసియున్నాడు.

సాయంకాలము గోపురపు నాట్యశాలకు పోయితిమి. రంగస్థలము పైభాగమున షేక్స్పియరు కావ్యమునుండి తీసిన యొక పాదము చెక్కబడియున్నది. 1956లో అగ్నిప్రమాదము కలిగి నేల కాలిపోగా, ఆ శాలను మరల మునుపటివలెనే నిలిపిరట. ఒక వాద్యకారుడు పెద్ద ఆర్గను వాయించుచుండగా, డెబ్బది యెనుబదియేండ్ల దంపతులు పదిజంటలవఱకు మెల్లగా చుట్లు తిరుగుచుండిరి. ఒక ముదుసలి తన భార్య వాలిపోకుండ వీపునకు చేయానించి నడిపించుచుండెను. మన సంప్రదాయమునకు అలవాటు లేని దృశ్యమే యయినను, చూచుటకు మాకు సిగ్గు కలుగలేదు.

మా బస యొక పాత బోర్డింగుహౌసులో. ఇంటి యజమానురాలికి ఎనుబదియేండ్ల కొంచెము తక్కువ. మేము మాంసము తినమని చెప్పగా ఆమె చిన్నబుచ్చుకొనక, రొట్టె, ఉడికించిన చిక్కుడుగింజలు, బంగాళాదుంపలు సిద్ధము చేసెను. ఏ దేశమని యడిగెను, చెప్పితిమి. ఆమె క్షణకాల మూరకుండి, “మా అమ్మ బ్లాక్‌బరనులో నేతపని చేసేది. మీ దేశానికే ధోవతులు నేసేది. అవి ఎవరు కట్టుకుంటారో, ఎలా కట్టుకుంటారో చచ్చిపోయేదాకా ఆమెకు తెలియదు” అనెను. తరువాత మిల్లు మూసిరట. ఏండ్లతరబడి పని దొరకలేదట. మూసిన కారణము మీ దేశపువారి బహిష్కారమని ఆ పేటలో చెప్పుకొనెడివారట. ఆమె మాటలో నిష్ఠురము లేదు. మేము తలయెత్తుటకు మాత్రము కొంతసేపు పట్టినది. ఆమె తల్లి కట్టువానిని చూడకయే ధోవతి నేసెను. మా తాతగారు నేసినదానిని చూడకయే ఆ ధోవతి నమ్మెడి దుకాణము నడ్డగించిరి. ఇద్దరిలో నెవరును ద్రోహులు కారు. ఇద్దరి నడుమ కూర్చుండి లాభము లెక్కించుకొన్నవారు వేఱొకచో నుండిరి. వారు సెలవులకు బ్లాక్‌పూలునకు వచ్చెడివారు కారు.

ఇందు కార్మికులను పూర్తిగా నిర్దోషులని చెప్పి మేము కథను తియ్యన చేయదలచుకొనలేదు. మన సుంకముల విషయమున లాంకషైరు చేసిన యొత్తిడివలన వారి కూలియు నిలిచినది. కాని వీరి పూర్వులే, అమెరికా అంతర్యుద్ధమువలన ప్రత్తి రాక 1861 మొదలు ఆకలితో మాడిన దినములలో, 1862 డిసెంబరు నెల తుదిదినమున మాంచెస్టరులో సభచేసి, బానిసత్వము నెదిరించుచున్న లింకనుపక్షమే తమ పక్షమని వ్రాసి పంపిరి. బానిసల ప్రత్తి వచ్చినచో తమ పొయ్యి వెలుగునని యెఱిగియు నట్లు వ్రాసిరి. ఒక జాతిని గూర్చియైనను, ఒక వర్గమును గూర్చియైనను ఒక్కమాటతో తీర్పు చెప్పుటకు చరిత్ర మనకు సెలవీయదు.

యజమానురాలు చెప్పిన మఱియొక మాట మాకంటె మా యావిడకు నాటినది. ఆమె తల్లి యేటేట వేక్సువారమున బ్లాక్‌పూలునకు వచ్చెడిదట. ఆ దినములలో అనేకులు తమ సరకులు తామే కొనితెచ్చి యిచ్చెడివారు; వండిపెట్టుట మాత్రము బసయింటివారి పని. “సముద్రం కాదు, గోపురం కాదు, మా అమ్మకు ఇక్కడ నచ్చిందేమంటే, ప్రొద్దున్నే ఇంకొకరు టీ కాచి చేతికిచ్చేవారు. ఏడాదిలో ఆ ఏడురోజులే అట్లా జరిగేది” అని ఆమె చెప్పెను. మిల్లులో పదిగంటలు, ఇంట పొయ్యియొద్ద మిగిలిన గంటలు గడపిన స్త్రీకి విశ్రాంతి యనగా నదియే. “మఱి మీకో?” అని మా యావిడ అడిగెను. నలువదియేండ్లకు పైగా ప్రతిశరత్కాలమున తీరమున ఆరుమైళ్ల పొడవున దీపములు వెలుగుచున్నను, అతిథులకు రాత్రిభోజనము పెట్టు వేళ యదియే యగుటచే, తాను వానిని తీరికగా చూచిన సంవత్సరములు వ్రేళ్లపైన లెక్కింపవచ్చునని ఆమె నవ్వెను. ఒకరి విశ్రాంతి యింకొకరి చేతులమీద నిలిచియుండు ననుటకు ఇంతకంటె వ్యాఖ్యానము వలదు.

ఆ రాత్రి మేము గదికిటికీనుండి దూరపు దీపములను చూచుచుండగా మా యావిడ, “ఏమండీ, ఆ గాడిదలకు శుక్రవారం సెలవట. నాకు ఏ వారం?” అని యడిగెను. పరిహాసముగా ననినదే. ఇరువదియేండ్లుగా స్త్రీవిద్యను గూర్చి, సంస్కరణమును గూర్చి ఉపన్యసించుచున్న మాకు ప్రత్యుత్తరము దొరకలేదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఇట్టి పట్టణమును చూచుటకు పోవలయునా? పోరాదనువారి యాక్షేపణములు మూడు. మొదటిది, అచ్చటి వినోదములు మోటువి. మద్యము, జూదము, సోదెయే అక్కడి సరకు. ఇది చాలవఱకు నిజము. తెలిసి తెలిసి బీదవాని జేబును ఖాళీ చేయు యంత్రములను మేము మెచ్చుకొనజాలము. కాని సంస్కర్తలమైన మనయందొక బలహీనత గలదు: బీదవాడు మనకు నచ్చిన రీతిని శుచిగా, మితముగా, గ్రంథాలయమున కూర్చుండి విశ్రమించినచో మాత్రమే అతని విశ్రాంతి మనకు ప్రీతి. ఏడాదిపొడుగున మగ్గపుమ్రోతలో చెవులు చెడి, ఒకరి పెదవుల కదలికను జూచి యింకొకరు మాటలు గ్రహించుట నేర్చుకొన్న జనము, ఏడు దినములు పెద్దగా నవ్వి, కేకలు వేసినదని యెంచుట మనకు తగునా? జూదమును నిందింతము, నవ్వును గాదు.

రెండవది, పేదఱికమును చూడబోవుట పేదలను వస్తుప్రదర్శనము చేయుట యగు నని. ఇది గట్టి యాక్షేపణము. శిథిలములను చూచి నిట్టూర్చి, విఱిగిన కిటికీలకు ఛాయాచిత్రములు తీసికొని, “అయ్యో” యని రైలెక్కువాడు పోకుండుటయే మంచిది. మేమును మొదట తలచినది అట్టి రాకయే. పైగా మా నిట్టూర్పులో సంతోషము కలిసియుండెను. దీనికి మందు పోకుండుట కాదు, అతిథిగా పోవుట. ఒక రాత్రియైన నుండి, చిన్నబసలో దిగి, అడిగిన ధర నిచ్చి, యజమానురాలితో నాలుగు మాటలాడి వచ్చినవాడు ప్రేక్షకుడు కాడు. ప్రేక్షకునకు ఎదుటివారు ప్రశ్నలు వేయరు, అతిథికి వేయుదురు. మమ్ము “ఏ దేశము?” అని యడిగినప్పుడే మా యాత్ర ఆరంభమైనది.

మూడవది వ్యయము. అంతదూరము పోయినవారు లండనును, సరస్సులసీమను విడిచి యిచ్చట కాలము గడుపుట యేల? విడువుమని మేము చెప్పము. నిశ్శబ్దమును, సుకుమారసౌందర్యమును గోరువారు సరస్సులకే పోవుదురు గాక. కాని ఇంగ్లండులోనున్న మన బిడ్డలు తల్లిదండ్రులకు చూపించు పట్టికలో రాజభవనములు, కవిగృహములు, కోటలు మాత్రమే యున్నచో, ఆ దేశము ఎవరి చేతులతో నడచినదో వారికి తెలియకయే తిరిగివత్తురు. దొరల వేడుకలకు కట్టిన నగరములు లోకమున లెక్కకు మిక్కిలి. కూలివాడు తన కూలిలో మిగిల్చిన పెన్నీలతో, తన వేడుకకొఱకు, ఇంత పెద్దగా కట్టించుకొన్న నగరములు ఎన్ని? ఆ వేడుక వాడిపోవుటయు మనకు పాఠమే. విశ్రాంతి యొక వారపు వ్యాపారముగా మాత్రమే నిలిచినచో, వ్యాపారము మఱొకచోటికి పోయిననాడు, వండిపెట్టినవారు, తుడిచినవారు, దీపములు వెలిగించినవారు ఒడ్డున మిగిలిపోవుదురు. మన తీరములందును నేడు హోటళ్లు వెలయుచున్నవి. వానిలో పనిచేయువారి పదియేండ్ల తరువాతి గతిని గూర్చి ఇప్పుడే యోచింపదగును.

కావున మా తీర్పు ఇది. బ్లాక్‌పూలు చూడదగినది కాదని యెవరైన ననినచో వారితో వాదము పెట్టుకొనము. పెట్టిన సొమ్మునకు ఆనందము తూచి యిమ్మన్నచో మాకు చేతకాదు. చూడవలసినది మాత్రము నిశ్చయముగా నగును. ఒక పగలు, ఒక రాత్రి చాలును. ఎవరి పనిమీద మన సుఖము నిలిచినదో వారిని కన్నెత్తి చూడకయే కాలము గడుపుట మనకు అలవాటు. ధోవతిని చూచి నేతగానిని చూడము, పట్టణమును చూచి పనివానిని చూడము, పళ్లెరమును చూచి వండినచేతిని చూడము. ఈ మూడు చూపులును మాకు ఆ యొక్కచోటనే లోపించినట్లు తెలిసినవి.

తిరుగుప్రయాణమున మా శిష్యుడు స్టేషనుకు వచ్చి, “ఎలా ఉంది మాస్టారూ? నేను చెప్పినట్టే ఉందిగదా?” అనెను. “నీవు చెప్పినట్లే యున్నది, నాయనా! మీ తల్లిదండ్రులు వచ్చినప్పుడు వారిని తీసికొనిపొమ్ము” అంటిమి. అతడు మా యావిడ ముఖమును చూచెను. ఆమె తల యూపినది.

ఇంటికి వచ్చిన నాటనుండి ఆదివారపు ప్రొద్దుటి కాఫీ మేము పెట్టుచున్నాము. పాలు పొంగి పొయ్యిమీద పడుచున్నవి; వానిని తుడుచు పని యిప్పటికిని ఆమెకే మిగులుచున్నది. వచ్చునెలనుండి అదియు నేర్చుకొనవలెనని యున్నది. చదువరులలో గృహస్థులు ఈ విషయమున మాకంటె ముందున్నచో వారికి మా నమస్కారములు. లేనిచో శుక్రవారమో, ఆదివారమో, వారి యింట నొక దినము నేర్పఱచుకొందురు గాక.